బొటనేలు స్టేజీ

గుత్తి నుంచి అనంతపురం దాకా
స్టేజీలన్నీ నాకు నోటికొచ్చు.
ఆషాఢంలో ఒకటి కొత్తగా వెలిసింది,
నా కుడికాలి బొటనేలి మూలన.
ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ
అక్కడే కాలు పెడతారు.

పామిడిలో నైటీల మూట ఎక్కింది.
మూట వెనక ఆమె, ఆమె వెనక చెల్లెలు,
చెల్లెలి చంకలో పిల్ల,
పిల్ల చేతిలోంచి జారిన స్టీలు గ్లాసు.

గోరుచుట్టు మీద రోకలిపోటని
మా జేజి అంటుంటే
ఊరికే మాటకంటాదనుకుంటి.
రోకలికి గానీ గ్లాసుకు గానీ
దారి ఎవరు చెప్తారో!

గుడ్లల్లో నీళ్లు కుక్కుకుని
సున్నా టికెట్టు కొట్టి చేతిలో పెట్టినాను.
'అక్కా, ఏడుస్తుండావా?' అనింది పిల్ల.
'దుమ్ము' అన్నాను.
వానకు అద్దాలన్నీ మూసే ఉండాయి.

తప్పు నాదే.
డ్యూటీ షూ ఒక సైజు తక్కువ.
సాగుతాదిలే అని నేను,
అలవాటు పడతాదిలే అని అది,
ఒకరినొకరం ఓర్చుకుంటా వచ్చినాం.
గోరు పొడిచిన రాత్రల్లా
బ్లేడు తీసి మూలను తవ్వేదాన్ని.
తవ్వినకొద్దీ లోపలికి దిగింది.
ఆరు బోర్లు వేసినా
మా నాయనకు పడని తడి
నా ఏలిలో పడింది,
చీము.

పసుపు పెట్టినాను.
డ్రైవరు మద్దిలేటి చెప్పినాడని
నిమ్మకాయకు బొక్క చేసి ఏలికి తొడిగినాను.
బండి ముందర కట్టాల్సింది
కాలికి కట్టుకుంటివే అని
డిపో అంతా నవ్వింది.
నిమ్మకాయతో సహా కాలు
షూలో పట్టదు కదా!

గుత్తి ఆస్పత్రిలో కట్లు కట్టే మాబున్నీ
ముందు చక్కెర ఉందా అని అడిగింది.
'టీలోనా?'
'రక్తంలో' అనింది, నవ్వకుండా.
చక్కెరోళ్లు ఇట్లా బ్లేడుతో ఆడుకుంటే
ఏలు పోతాదంట, ఒక్కోసారి కాలే.
నాకు లేదని తేలినాక
డాక్టరు ఏలికి అటొకటి ఇటొకటి సూది వేసినాడు.
ఆ రెండు పోట్లకు
పామిడి, గార్లదిన్నె, తపోవనం
ఒకేసారి కనపడినాయి.
తర్వాత ఏమీ లేదు.
ఏలు ఎవరిదో అయిపోయింది.

దూది మీద పెట్టి చూపించినాడు.
టికెట్టు చింపితే రాలే తుంపంత.
ఇంతదా,
నెలన్నర నన్ను ఒంటికాలి మీద నిలబెట్టింది!

మాబున్నీ కట్టు కడతా కడతా చెప్పింది:
'నెలవంక మాదిరి కోయొద్దు మేయ్.
అడ్డంగా, గడప మాదిరి కోసుకో.
మూలలు దాని పాటికి దాన్ని ఉండనీ.
మరీ పొట్టిగా కోస్తే
పక్క కండ దాని మీదికొస్తాది.
షూలో ఏళ్లు ఆడాల.
సాయంత్రం కొను, పొద్దన కాదు.
నిలబడి నిలబడి సాయంత్రానికే కదా
కాళ్లు నిజం సైజుకొచ్చేది.
మళ్లీ ఎర్రగా అయితే మొదట్లోనే
గోరువెచ్చని ఉప్పునీళ్లలో పావుగంట పెట్టు.
చీము పడితే బ్లేడు కాదు,
నా దగ్గరికి రా.'

గోరువెచ్చని.
ఈ మాటలో గోరు ఎందుకుందో
ఇన్నేళ్లు ఆలోచించనే లేదు.
కాగీ కాగని నీళ్లలో ముందుగా దిగేది
అదే కదా, పాపం.

పది దినాలు చెప్పులతో డ్యూటీ.
చెకింగు ఆయన కాళ్ల కల్లా చూసి
కట్టు చూసి ఊరుకున్నాడు.
అప్పటినుంచి నాకొక జబ్బు పట్టింది,
ముఖాల కంటే ముందు కాళ్లు చూడటం.
మట్టెలు దిగబడిన ఏళ్లు,
శెనక్కాయ చేల ఎర్రమట్టి
గోటి సందున ఎండిన ఏళ్లు,
రంగేసుకుని కొత్తగా పెళ్లయిన ఏళ్లు.

నిన్న గార్లదిన్నెలో
ఒక పాలిటెక్నిక్ పిల్లోడు ఎక్కినాడు.
ముక్కు మొనదేలిన షూ, మడమ తొక్కి నలిపేసి,
కమ్మీ పట్టుకుని కొంగ మాదిరి
ఒక కాలు పైకి.
నా సీటు చూపించినాను.
'టికెట్టెంతక్కా?' అన్నాడు.

'అది తర్వాత.
బ్లేడు యాడ దాచినావో
ముందు చెప్పు.'